గుడ్ల పులుసు నాటి ప్రమాదం

పోయిన వారం స్నేహలతను మనం ఎనిమిదడుగుల ఫ్లెక్సీ బోర్డు ముందు నిలబెట్టి వచ్చాం. ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వారి కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు పోతాను.

స్నేహలత రైల్వే సేఫ్టీ సెక్షన్‌లో క్లర్కు. కొత్తగా కట్టిన ట్రైనింగ్ హాల్లో పెట్టడానికి, యాభై ఏళ్లలో ఈ దారిలో పట్టాలు తప్పిన బండ్ల పట్టిక తయారు చేయమని ఆమెకు పని అప్పగించారు. ఏ తేదీ, ఏ బండి, ఎందుకు పడింది, ఎవరి తప్పు. మొత్తం ముప్పై ఒక్క వరుసలు. కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలు అది చూసి నేర్చుకోవాలి. ఇరవై మూడో వరుసలో ఆమె తన చేతులతోనే టైపు చేసిన పేరు కన్నతండ్రిది.

"26-01-2000. బొమ్మలకుంట దగ్గర పట్టా విరిగి గూడ్సు బండి ఏడు వ్యాగన్లు పక్క లైనుకు అడ్డంగా పడ్డాయి. పక్క లైనులో వచ్చే ప్యాసింజర్‌కు ఎర్రజెండా చూపడంలో కీమెన్ యాకయ్య విఫలం. డ్రైవర్ రాజేశ్వర్ రావు అప్రమత్తత వల్ల పెను ప్రమాదం తప్పింది."

కీమెన్ అంటే సుత్తి భుజాన వేసుకుని రోజూ పట్టాల వెంట నడుస్తూ, వదులైన బిగింపులను బిగించే మనిషి. అప్పట్లో ఎంక్వైరీ ఇదే తేల్చినందుకు యాకయ్యను రెండేళ్లు కింది గ్రేడుకు దించారు. అది అతను మరిచిపోయాడు గానీ, కాలనీ పెట్టిన పేరు మాత్రం పోలేదు. క్వార్టర్లలో ముగ్గురు యాకయ్యలుండేవారు. పొడుగు యాకయ్య, పాయింట్ల యాకయ్య, జెండ ఎత్తని యాకయ్య.

బోర్డు ఆవిష్కరణ సోమవారం పదకొండు గంటలకు. ముఖ్య అతిథి ఆ రిటైరైన డ్రైవర్ రాజేశ్వర్ రావే. "ఒక్క కాయితం పట్టుకురామ్మా, ఆ వరుస మార్పిస్తా. కాయితం లేకుండా నేనేం చేయలేను," అన్నాడు సేఫ్టీ ఇన్‌ఛార్జి ఓంప్రకాశ్. నాయినను అడిగితే, "ఉండనియ్యి బిడ్డా. ఫైల్ల ఉన్నదే రాసినవు," అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఇక ఆదివారం ఒక్కటే మిగిలింది. ఆ ఆదివారం మధ్యాహ్నం స్నేహలత ఫాతిమానగర్‌లో ఫ్రాన్సిస్ ఇంటి వంటగదిలో, తిరగేసిన బకెట్టు మీద కూర్చుని ఉంది.

ఫ్రాన్సిస్ ఇరవై ఎనిమిదేళ్లు రిలీఫ్ ట్రైన్‌లో వంటవాడు. ఎక్కడ బండి పడినా జంక్షన్‌లో సైరన్ మోగేది. క్రేన్‌తో, డాక్టర్లతో, పనివాళ్లతో పాటు ఫ్రాన్సిస్ కూడా తన గిన్నెలతో బయల్దేరేవాడు. తేదీలు అతనికి గుర్తుండవు. ఏం వండాడో గుర్తుంటుంది. స్నేహలత ఫోన్లో పట్టిక చూస్తూ ఒక్కో ఏడూ చదువుతుంటే అతను ఉల్లిగడ్డలు తరుగుతూ జవాబు చెబుతున్నాడు.

"ఎనభై తొమ్మిదా? అది కిచిడి. సిమెంటు గూడ్సు. వాన దంచికొడ్తాంది. మూడు వ్యాగన్లు వాగు ఒడ్డున బోర్లపడ్డయి. తెల్లారేసరికి ఒడ్డంత బండ లెక్క అయ్యింది బిడ్డా. ఇప్పటికి ఆ ఊరి ఆడోళ్లు దాని మీదనే బట్టలు ఉతుకుతాండ్రు."

"తొంభై ఒకటి?"

"చక్కెర వ్యాగను. ఉప్మా. పక్కపొంటి గుట్టంత చక్కెర పడి ఉన్నది, మేం అందరం చప్పటి చాయ తాగినం. అది సర్కారు సొమ్ము, ఒక్క పలుకు ముట్టద్దని ఆఫీసర్ హుకుం. చీమలకు మాత్రం హుకుం అందలే."

గిన్నెలు తుడుస్తున్న అతని భార్య రెబెకా నవ్వింది. "ఈయనతోని ఇదే కష్టం స్నేహా. నలుగురికి వండుమంటె రాదు. ఎనభై మందికైతె ఒక్కడే వండుతడు. చూడు, ఐదుగురికి ఇరవై గుడ్లు ఉడకపెట్టిండు."

"తొంభై నాలుగు?" అంది స్నేహలత.

కత్తిపీట మీద చేయి ఆగింది.

"ఆనాడు వండలే," అన్నాడు ఫ్రాన్సిస్. "పొయ్యి ముట్టిచ్చిన. ఎవలు తింటరు బిడ్డా. ఆర్పేసిన."

ఆ వరుస కూడా స్నేహలతే టైపు చేసింది. చనిపోయిన వారి సంఖ్య రాసే గడి ఎంత చిన్నదో ఆమెకు తెలుసు. ఫోను తెరను పైకి జరిపింది.

"రెండు వేలు, జనవరి ఇరవై ఆరు కాకా."

"గుడ్ల పులుసు," అన్నాడు వెంటనే. ముఖం మళ్లీ వెలిగింది. "అది మామూలు పులుసు కాదు. డెబ్బై మంది తిన్నరు, డెబ్బై మంది నీళ్ల కోసం ఉరికిండ్రు. క్రేన్ ఆపరేటర్ అయితె బోరింగు కింద తలకాయ పెట్టిండు. ఆ మిర్చి అసొంటిది."

"అంత ఘాటు మిర్చి ఎక్కడ కొన్నవు?"

"కొనుడేంది? పట్టాల మీదికెల్లి తెచ్చిన."

స్నేహలత బకెట్టు మీద నుంచి లేచింది. పాత కట్టల్లో నాయిన ఫైలు వెతుకుతుంటే మొన్న మరో చిన్న కాగితం దొరికింది. అది సెక్యూరిటీ వాళ్ల కాగితం, ప్రమాదం ఫైలుకు సంబంధం లేనిది. నవ్వొచ్చి, ఆఫీసులో నిర్మలకు చూపిద్దామని ఫోటో తీసుకుంది. ఇప్పుడు ఆ ఫోటో తీసి పెద్దది చేసింది.

"బొమ్మలకుంట సమీపంలో రైలు పట్టాలపై మిర్చి ఆరబోసి రాకపోకలకు ఆటంకం కలిగించినందుకు గుర్తు తెలియని రైతుపై కేసు."

తేదీ చూసింది. ఇరవై ఆరు, ఒకటి, రెండు వేలు.

రెండు కాగితాలూ పాతికేళ్లు పక్కపక్క గదుల్లోనే ఉన్నాయి. ఒకటి ఇంజనీరింగ్ బీరువాలో, ఒకటి సెక్యూరిటీ బీరువాలో. ఒకదాని సంగతి ఒకదానికి ఎవరూ చెప్పలేదు.

"కాకా, ఆ మిర్చి కాడ ఎవలున్నరు?"

"మీ నాయినే. ఇంకొక రైతు. ఇద్దరు కింద కూసోని ఏరుతాండ్రు. చూడు బిడ్డా, మా రిలీఫ్ బండిల ఒక పద్ధతి ఉండె. మొదటి ప్లేటు ఆఫీసర్‌కు కాదు. పడ్డ బండి మీదికి ఇంకో బండి రాకుంట ఎవడు ఆపిండో వానికి. వాడు తిన్నంకనే మిగిలినోళ్లకు. ఆనాడు మొదటి ప్లేటు మీ నాయినకే ఇచ్చిన."

"ఆయన ఆపిండని నీకు ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పలే. ఆ లైన్ల ప్యాసింజర్ ఆగి ఉన్నది. దాని ముంగట మిర్చి ఉన్నది. మిర్చి కాడ మీ నాయిన ఉన్నడు. గిది తెల్సుకునేతందుకు డిగ్రీ గావాల్నా?"

"మరి ఎంక్వైరీల చెప్పకపోతివి?"

"వంటోన్ని ఎంక్వైరీకి ఎవలు పిలుస్తరే. ఉప్పు తక్కువైతె పిలుస్తరు."

బయట ఆటో ఆగిన చప్పుడైంది. మడికొండ నుంచి యాకయ్య, అతని భార్య సమ్మమ్మ దిగారు. పాత దోస్తు భోజనానికి పిలిచాడనే తెలుసు యాకయ్యకు. బిడ్డ ముందే వచ్చి కూర్చుందని తెలియదు. తెల్లగా ఇస్త్రీ చేసిన అంగీ వేసుకుని వచ్చాడు. నడకలో మాత్రం ఇంకా పట్టాల కింది స్లీపర్ దిమ్మెల దూరమే. రోడ్డు మీద కూడా అతను రెండడుగులకొకసారి కాలు కొంచెం ఎత్తి వేస్తాడు.

విస్తళ్లు వేశారు. ఫ్రాన్సిస్ పెద్ద గంటెతో వచ్చి, మొదటి వడ్డన యాకయ్యకే చేశాడు. అన్నం మీద ఎర్రటి పులుసు, రెండు గుడ్లు.

యాకయ్య చేయి అన్నంలో ఆగిపోయింది. పులుసును చూశాడు. ఫ్రాన్సిస్‌ను చూశాడు. తర్వాత బిడ్డను చూశాడు.

"ఏందిరా ఇది?"

"మొదటి ప్లేటు," అన్నాడు ఫ్రాన్సిస్.

స్నేహలత ఫోను తండ్రి ముందు పెట్టింది. "నాయినా, గీ గుర్తు తెలియని రైతు ఎవలు?"

"నాకు ఎర్కలేదు."

"నాకు ఎర్కనే. చూస్తె కీమెన్ లెక్క ఉన్నడు."

"ముందు తిననియ్యే పిల్లా," అంది సమ్మమ్మ. "అయ్య మీద పోలీసోళ్ల లెక్క పడ్డవేంది."

"తింటడు తియ్యి. తినుకుంట చెప్పుమను. రేపు పదకొండు గంటలకు ఆ బోర్డు గోడకు ఎక్కుతది అమ్మా. ఇగ దిగదు. కొత్తగ వచ్చిన ప్రతి పిలగాడు చదువుతడు, జెండ చూపియ్యని యాకయ్య అని. దాన్ని టైపు చేసింది నేను. నా పేరు గూడ కింద ఉంటది, తయారుచేసిన వారు అని."

యాకయ్య ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. "మిర్చి తక్కువైంది," అన్నాడు.

"నాయినా."

"చూపియ్యలేదంటె చూపియ్యలే. అందుల అబద్ధమేమున్నదే. నా దగ్గర జెండ లేకుండె."

డ్యూటీలో ఉన్న కీమెన్ దగ్గర ఎర్రజెండా లేకపోవడమంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. బండి పడితే పట్టాది తప్పో, ఇనుముది తప్పో కావచ్చు. జెండా లేకపోతే అది మనిషి తప్పే. ఆ రోజుల్లో ఉద్యోగం పోయేది.

"ఏడికి పోయింది జెండ?" అంది స్నేహలత.

యాకయ్య తలెత్తలేదు. సమ్మమ్మ వైపు చూడకుండా ఉండటానికి అతను పడుతున్న కష్టం చూసి ఫ్రాన్సిస్ గంటె కింద పెట్టాడు.

స్నేహలతకు తన మూడో తరగతి ఫోటో గుర్తొచ్చింది. గణతంత్ర దినం నాడు బడిలో తీసింది. నలభై మంది పిల్లలు తెల్ల అంగీల్లో ఉన్నారు, చివరి వరుసలో ఒక్క పిల్ల గులాబీ రంగు అంగీలో ఉంది. ఫోటో మూలన నారింజ రంగు అంకెల్లో తేదీ కూడా పడింది. ఆ రోజు టీచరు తనను వెనక్కి పంపితే ఎంత ఏడ్చిందో.

"అమ్మా," అంది మెల్లగా. "ఆనాడు నా అంగి ఎట్ల గులాబి అయ్యింది?"

"ఎట్లేంది? రంగు అంటుకున్నది. జెండవందనం కదా, సంచి గలీజుగ ఉన్నదని మేస్త్రి తిట్టిండంటె, ముందటి నాడు మీ అయ్య డ్యూటీ సంచిల సామాన్లన్ని అర్రల పెట్టి, సంచి, అండ్ల ఉన్న జెండ, నీ అంగి, మీ అయ్య బనీన్లు అన్ని ఒక్క బకెట్ల..."

సమ్మమ్మ ఆగిపోయింది.

"తెల్లారి సంచి ఆరింది," అన్నాడు యాకయ్య విస్తరితో మాట్లాడుతున్నట్టు. "జెండ ఆరలే. దండెం మీదనే ఉన్నది. పటాకల డబ్బ అర్రల ఉన్నది. నేను చూసుకోకుంట సంచి ఏసుకోని పోయిన. అండ్ల సద్ది, రెండు పానాలు, అంతే."

పట్టాల మీద పెడితే బండి చక్రం కింద పెద్దగా పేలి డ్రైవర్‌ను హెచ్చరించే మందు బిళ్లలను వాళ్లు పటాకలంటారు. అవి కూడా లేవన్నమాట.

"ఏడున్నరకు గూడ్సు పడ్డది. నా కండ్ల ముంగట్నే. ప్యాసింజర్‌కు పది నిమిషాలున్నది. సంచిల చెయ్యి పెట్టిన. సద్ది గిన్నె దొరికింది." అతను మొదటిసారి కొంచెం నవ్వాడు. "ఇగ ఉరికిన. బండి వచ్చే దిక్కు. చేతులు ఊపితె ఆ మంచుల ఎవనికి కనపడ్తది? ఎర్రగ ఏదన్న గావాలె. ఎర్ర తువ్వాల ఉన్నోడు ఒక్కడు కనపడలే. రాయమల్లు అని, ఆయన కల్లం లైను పక్కపొంటే. టార్పాలిన్ మీద మిర్చి ఆరబోసిండు. ఇంత ఎర్రగ ఉన్నది, చేనంత."

"అయితె?"

"అయితె ఏముంది. ఒక కొస ఆయన పట్టిండు, ఒక కొస నేను పట్టిన. గుంజుక పోయి పట్టాల మీద పరిచినం. ఆ మనిషి ఎందుకని గూడ అడగలే. నడుమ ఒక్కసారి మాత్రం, 'అన్నా ఇది తేజ మిర్చి' అన్నడు."

ఫ్రాన్సిస్ భుజాలు ఊగడం మొదలైంది. రెబెకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"డ్రైవర్ దూరంకెల్లి చూసిండు. బ్రేకు కొట్టిండు. నూరడుగుల అవతల ఆగింది. దిగి వచ్చి నన్ను తిట్టిండు చూడు, మీ అయ్య జాగీరా రైలు పట్టాలు, మిర్చి ఆరబోసేతందుకు ఇంకెక్కడ జాగ దొరకలేదా అని. నేను ఎనకకు చెయ్యి చూపిచ్చిన. మలుపు కాడ వ్యాగన్లు కనపడ్డయి. ఆయన అక్కడ్నే కింద కూసున్నడు. బండిల ఆరువందల మంది ఉన్నరు."

స్నేహలతకు ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ సాయంత్రం నాయిన రెండు కళ్లూ ఎర్రగా, నీళ్లు కారుతూ ఇంటికొచ్చాడు. తన అంగీ పాడైనందుకే నాయిన ఏడుస్తున్నాడనుకుని, ఆమె తన ఏడుపు మానేసింది. పాతికేళ్లుగా అలాగే అనుకుంటోంది.

"మరి ఆ డ్రైవర్ రాజేశ్వర్ రావు ఎంక్వైరీల ఎందుకు చెప్పలే? అప్రమత్తత అని అవార్డు గూడ తీసుకున్నడు కద."

"ఆయనను అనకు," అన్నాడు యాకయ్య, ఈసారి గట్టిగా. "నేనే చెప్పద్దన్న. సార్, నా దగ్గర జెండ లేదు, నా పేరు ఎత్తితె జెండ ఏదని అడుగుతరు, నౌకరి పోతది, చిన్న పిల్ల ఉన్నది అన్న. ఒట్టు పెట్టిచ్చుకున్న. మిర్చి నేను పరిచిన్నంటె రాయమల్లు పేరు గూడ వస్తది. ఆయన మీద కేసైతది. ఎర్రగ కనపడ్డది, ఆపిన అని చెప్పుండ్రి సార్ అన్న. ఆయన గంతే చెప్పిండు. మాట మీద నిలబడ్డోడు. అవార్డు ఇస్తె ఆయనేం జేస్తడు."

సమ్మమ్మ అప్పటిదాకా విస్తరి ముట్టలేదు.

"పాతికేండ్లు," అంది. "నీ బనీన్లు గులాబి అయినయని పాతికేండ్లు నన్ను ఎక్కిరిచ్చినవు. గీ ముచ్చట మాత్రం చెప్పకపోతివి."

"చెప్తె ఏమైతుండె?"

"ఏమైతుండె? నేనే పోయి ఆ ఆఫీసర్‌కు చెప్తుంటి, జెండ ఉతికింది నేను, నన్ను దించుండ్రి గ్రేడు అని."

"అందుకే చెప్పలే. ఇంకొకటి, చెప్తె నువ్వు మళ్ల నా సంచి ముట్టకపోదువు. ఎవలు ఉతకాలె దాన్ని?"

ఫ్రాన్సిస్ ఇక ఆపుకోలేకపోయాడు. సమ్మమ్మ కోపంగా చూడబోయి, మూతి తిప్పుకుని, చివరికి తనూ నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "మిర్చి ఘాటు," అంది, ఎవరూ అడగకుండానే.

"నాయినా, నేను ఈ రెండు కాయితాలు ఓంప్రకాశ్ సార్‌కు పంపుతాన," అంది స్నేహలత. "నా ఫోటో గూడ. తేదీ ఉన్నది దాని మీద."

"వద్దు. ఆయనతోని ఒట్టు పెట్టిచ్చుకోని, ఇప్పుడు రేపు సభల ఆ పెద్దమనిషి ముంగట నేనే ఆ ముచ్చట తీస్తనా? అవార్డు మీద మన్ను పోసినట్టు అయితది. నా పేరు పోతె పోయింది. ఆయనది ఎందుకు పోవాలె?"

అదీ అసలు చిక్కు. నాయిన దాచిపెట్టింది జెండా సంగతి అనుకుంది ఆమె. కాదు. అతను కాపాడుతున్నది ఇంకొకరి మర్యాద. దానికి ఏ కాగితం సరిపోతుందో స్నేహలతకు తెలియలేదు.

అప్పుడే ఫోను మోగింది. ఓంప్రకాశ్. ఆదివారమైనా హాల్లో కుర్చీలు వేయిస్తూ ఉన్నాడని ఆమెకు తెలుసు. స్పీకర్ నొక్కింది.

"స్నేహలతా, ఎక్కడున్నవమ్మా?"

"ఫాతిమానగర్ల సార్. చెప్పుండ్రి."

"చీఫ్ గెస్ట్ ఒకరోజు ముందే వచ్చిండమ్మా. హాలు చూస్తనంటె చూపిచ్చిన. వరుసగ చదువుకుంట పోయి ఇరవై మూడు కాడ ఆగిండు. గంటయితాంది, కదుల్తలేడు. కుర్చీ తెప్పిచ్చుకోని దాని ముంగట్నే కూసున్నడు. అప్పుడు ఆయనకు ఇచ్చిన అవార్డు షీల్డు గూడ సంచిల పెట్టుకోని వచ్చిండు. అడుగుతె ఒకటే మాట, ఈ యాకయ్య ఇంకా ఉన్నడా, ఉంటె నన్ను ఒట్టు విడిపియ్యమను, అప్పటిదాక నేను లేవ, రేపు బోర్డుకు చెయ్యి పెట్ట అంటాండు. ఏం ఒట్టు, ఏం కథ? నాకేం సమజ్ అయితలేదు. మీ నాయినకేమన్న ఎర్కనా?"

వంటగదిలో పులుసు చిన్నగా ఉడుకుతోంది. స్నేహలత తండ్రి వైపు చూసింది. యాకయ్య చేతిలో ముద్ద అట్లాగే ఉంది.

ముందుగా లేచింది సమ్మమ్మ. కొంగు నడుముకు చెక్కుకుని గడప దాకా పోయి చెప్పులు వేసుకుంది.

"అమ్మా, ఎక్కడికే?"

"జెండ ఉతికింది నేను. నేను చెప్పేది నేను చెప్త. మీ అయ్య రానియ్యి, రాకపోనియ్యి." వెనక్కి తిరిగి ఫ్రాన్సిస్‌ను చూసింది. "అన్నా, ఇంట్ల ఎండుమిర్చి ఎంతున్నదో అంత జర సంచిల పొయ్యి. ఎర్రటియి చూసి పొయ్యి. ఆ ఓంప్రకాశ్ సారు ఊరికె మాటంటె నమ్ముతడో లేదో."

యాకయ్య ముద్దను విస్తట్లో పెట్టాడు. చెంబు అందుకుని, చేయి కడుక్కోవడానికి లేచాడు.